ఏడాది నిండితే సరిపోదమ్మా

  ఈ నెల ముచ్చట పిల్లల గురించే.

మన ఇళ్ళలో చంటిబిడ్డకి జరిగే వైభోగం ఇంకెవరికీ జరగదు. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులొస్తే చిలకలు. పాలు తాగిందా, ఎన్నిసార్లు తడిపింది, రాత్రి ఎంతసేపు పడుకుంది, అన్నీ ఇంటిల్లిపాదికీ నోటి చివరే ఉంటాయి. మొదటి పుట్టినరోజు బంధుమిత్రుల మధ్య ఘనంగా జరిగిపోతుంది. ఆ తర్వాత? టీకాల కార్డు బీరువాలో పట్టుచీరల కిందికి చేరుతుంది. తింటోంది, ఆడుతోంది, బడికెళ్తోంది, ఇంకేం కావాలి అనుకుంటాం. అయిదేళ్ళు నిండేదాకా ఆరునెలలకోసారి విటమిన్ ఎ చుక్కలు వేయించాలని, ఏడాదిన్నరకీ అయిదేళ్ళకీ బూస్టర్లు ఉన్నాయని, పదేళ్ళకొకటి, పదహారేళ్ళకొకటి టీడీ టీకా ఉందని మనలో ఎంతమందికి గుర్తుంటోంది? పన్నెండేళ్ళ పిల్ల ఎత్తు ఆఖరుసారి ఎప్పుడు కొలిచారో చెప్పగలరా? పిల్లల ఎదుగుదల పద్దెనిమిదేళ్ళ దాకా సాగే పని. మన శ్రద్ధ మాత్రం కేకు కోసిన మర్నాటి నుంచే సన్నగిల్లుతోంది. నా బెంగ అదే.

అంగన్‌వాడీలో బరువు తూచేటప్పుడు ఎప్పుడైనా పక్కనే నిలబడి చూశారా? చూసి తీరాలి. బట్టలు తగ్గించి బిడ్డని వేలాడే తూకం సంచిలో కూర్చోబెడతారు. బిడ్డ కాళ్ళు తన్నుకుంటుంది, ఏడుస్తుంది, ముల్లు అటూఇటూ ఊగుతుంది. అది నిలిచేదాకా ఆగి టీచర్ అంకె చూస్తుంది. కార్డులో అడుగున ఉన్న నెలల మీద ఒక వేలు, పక్కనున్న కిలోల మీద ఇంకో వేలు పెట్టి, రెండూ కలిసేచోట చుక్క పెడుతుంది. పోయిన నెల చుక్కనీ దీన్నీ కలిపి గీత గీస్తుంది. ఆడపిల్లకి గులాబీరంగు పట్టిక, మగపిల్లాడికి నీలంది. చాలామంది తల్లులు ఆకుపచ్చలో ఉందా, పసుపులో ఉందా అని ఒక్కసారి తొంగిచూసి వచ్చేస్తారు. అంతకంటే ముఖ్యమైనది గీత ఎటు పోతోందన్నది. ఆకుపచ్చలోనే ఉన్నా గీత అడ్డంగా పడుకుందంటే బిడ్డ బరువు పెరగడం ఆగిందని అర్థం. కిందికి వంగిందంటే ఆ నెలే డాక్టరుకి చూపించాలి. పసుపులో ఉన్న బిడ్డ గీత నెలనెలా పైకి లేస్తోందంటే మాత్రం సంతోషించండి, కోలుకుంటోందన్నమాట.

ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. నెలలు నిండి పుట్టిన బిడ్డ రెండున్నర కిలోలకి తగ్గకుండా ఉండాలి. మొదటి వారంలో కాస్త తగ్గుతుంది, కంగారుపడకండి, రెండు వారాల్లోపు తిరిగి వస్తుంది. అయిదు నెలలకి పుట్టిన బరువుకి రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు. పొడవు పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్లయితే ఏడాదికి 75, నాలుగేళ్ళకి 100.

"మా వంశంలో అందరం పొట్టివాళ్ళమేనండీ" అంటారు కొందరు. కొంతవరకు నిజమే, తల్లిదండ్రుల ఎత్తు పిల్లలకి వస్తుంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓ పెద్ద అధ్యయనం చేసింది. బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా, ఈ ఆరు దేశాల్లో ఎనిమిది వేలకు పైగా పిల్లల్ని కొలిచారు. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలున్నారు. తల్లిపాలు, మంచి తిండి, శుభ్రత, వైద్యం అందిన పిల్లలు ఏ దేశమైనా అయిదేళ్ళలోపు దాదాపు ఒకేలా పెరుగుతున్నారని తేలింది. 2006లో వచ్చిన ఆ కొలతలే ఇవాళ మన కార్డులో ఉన్నవి. కాబట్టి రెండేళ్ళ బిడ్డ గిడసబారిపోతుంటే వంశం మీదికి నెట్టేయకండి. కంచంలో ఏముందో చూడండి.

కంచం దగ్గరే అసలు కథంతా ఉంది. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టడం, ఆరునెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా పట్టకపోవడం, ఈ రెండూ ఇప్పుడు చాలామందికి తెలిశాయి. తేనె నాకించడం మాత్రం ఇంకా కొన్నిచోట్ల పోలేదు. ఏడాది నిండకుండా తేనె వద్దు, ఎంత స్వచ్ఛమైనదైనా వద్దు. చంటిబిడ్డల పేగుల్లో విషం పుట్టించే క్రిములు అందులో ఉండవచ్చు. ముక్కుల్లో, చెవుల్లో నూనె పోయడమూ ఆపేయండి, ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియా వస్తుంది.

మనం వెనకబడేది ఆరోనెల తర్వాత. అన్నప్రాసన వేడుకగా చేస్తాం, మర్నాటి నుంచి పల్చటి జావ, చారునీళ్ళు, పప్పు మీద తేట. నీళ్ళగా ఉంటే తేలిగ్గా అరుగుతుందని పెద్దవాళ్ళ నమ్మకం. పాపం, ఆ బిడ్డ పొట్టలో పట్టేదే ఓ చిన్న గ్లాసెడు. అందులో సగం నీళ్ళే పోస్తే బలం ఎక్కడినుంచి వస్తుంది? చెంచాతో తీసి వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. అన్నం, పప్పు మెత్తగా మెదిపి, అర చెంచా నెయ్యో నూనో వేసి, ఉడికిన ఆకుకూరో గుమ్మడికాయో కలిపి పెట్టండి. ఏడో నెల నుంచే గుడ్డు పెట్టొచ్చు, తినే ఇళ్ళలో చేప, కోడికూర ముల్లూ ఎముకా తీసి మెదిపి పెట్టొచ్చు. మొదట్లో రోజుకి రెండు మూడుసార్లు, తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగుసార్లు. తల్లిపాలు రెండేళ్ళ దాకా సాగనివ్వండి. ఆరునెలల తర్వాత పాలల్లో ఉండే ఇనుము బిడ్డకి చాలదు, తిండితోనే రావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆర్నెల్ల నుంచి రెండేళ్ళ లోపు పిల్లల్లో సరిపడా తిండి అందుతున్నది దేశం మొత్తం మీద నూటికి 11 మందికే. అయిదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63 మందికి, తెలంగాణలో 70 మందికి. బీదాబిక్కీ సంగతే అనుకోకండి, కారున్న ఇళ్ళలోనూ పిల్లలు పాలిపోయి ఉంటారు. రోజంతా పాలసీసా, బిస్కట్లతో గడిచిపోయే బిడ్డకి పప్పన్నానికి ఆకలెలా వేస్తుంది?

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పొడిని కొందరు గేదెల కుడితిలో కలిపేస్తారని విన్నప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి ఉన్న పిండి అది. ఉండ చేసి పెట్టండి, జావ కాచి పెట్టండి, పిల్లలకి రుచి పడుతుంది.

విరేచనాలైతే "పళ్ళొస్తున్నాయిలే" అని ఊరుకోకండి. పళ్ళకీ విరేచనాలకీ సంబంధం లేదు. ఓఆర్ఎస్ పొట్లం, దానిమీద రాసినట్టే లీటరు నీళ్ళకి మొత్తం పొట్లం కలిపి, కొద్దికొద్దిగా పట్టండి. పధ్నాలుగు రోజులు జింకు మాత్ర వేయండి. తిండి ఆపొద్దు. మొన్నమొన్నటి దాకా మందుల షాపుల్లో ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకున్న తియ్యటి పానీయాలు డబ్బాల్లో అమ్మారు. అందులో చక్కెర ఉండాల్సిన దానికంటే ఎక్కువ. అలాంటిది తాగిస్తే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడారు, హైకోర్టు దాకా వెళ్ళారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు అలాంటి పానీయాల మీద వాడకూడదని ఆదేశించింది. ఒక్క ఆడమనిషి పట్టుదల ఎంతమంది పసివాళ్ళకి మేలు చేసిందో చూడండి.

ఇక మాట, నడక. ఏ బిడ్డ తొందర ఆ బిడ్డది, కానీ కొన్ని గడువులున్నాయి. రెండు నెలలకి మొహం చూసి నవ్వాలి. నాలుగు నెలలకి మెడ నిలవాలి. తొమ్మిది నెలలకి ఆసరా లేకుండా కూర్చోవాలి. ఏడాదిన్నరకి నడవాలి. రెండేళ్ళకి "అమ్మా రా", "పాలు కావాలి" అని రెండు మాటలు కలపాలి. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, వేలితో చూపించకపోయినా, వచ్చిన మాటలు పోయినా అస్సలు ఆగొద్దు. "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే మాటలొచ్చాయి" అంటూ అత్తగారో అమ్మో ఓదారుస్తారు, వాళ్ళది ప్రేమే, కానీ డాక్టరుకి చూపించడం మానొద్దు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన నాటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని ఉచితంగా పరీక్షిస్తారు, చాలా జిల్లాల్లో దానికి ప్రత్యేక కేంద్రాలున్నాయి. వినికిడి లోపమైనా, ఇంకేదైనా, ఎంత ముందు పట్టుకుంటే అంత దారికొస్తుంది. ఫోను చూపిస్తూ అన్నం పెట్టకండి. రెండేళ్ళలోపు బిడ్డకి తెర అవసరమే లేదు. మాటలు నేర్పేది ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పే మనిషి.

పాకడం మొదలైన రోజు నుంచి మన ఇల్లు మనకే కొత్తగా కనపడాలి. ఓసారి నేలమీద కూర్చుని, బిడ్డ కళ్ళకి అందే ఎత్తులో చూడండి. బాత్‌రూములో సగం నిండిన బకెట్ కనపడుతుంది. తలబరువుకి బిడ్డ అందులోకి బోర్లా పడితే లేవలేదు, జానెడు నీళ్ళు చాలు. అరుపూ వినపడదు. వాడేసిన బకెట్లు బోర్లించండి, బాత్‌రూము తలుపు గడియ పైన పెట్టించండి. ఇంటిముందు సంపు మూత మీద బండరాయి పెడితే సరిపోదు, తాళం ఉండాలి. నీళ్ళ ట్యాంకరు వచ్చి వెళ్ళాక మూత వేశారో లేదో మీరే వెళ్ళి చూడండి. మంచం కింద వేరుశనగ గింజ, రిమోట్‌లోంచి జారిన గుండ్రటి బ్యాటరీ కనపడతాయి. నాలుగేళ్ళ లోపు పిల్లలకి పల్లీలు, శనగలు గింజలుగా పెట్టొద్దు, పొడి కొట్టి పెట్టండి. గుండీ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే గొంతులో నాళాన్ని కాల్చేస్తుంది, రేపు చూద్దాం అనుకునే వ్యవధి ఉండదు. వంటగదిలో కూల్‌డ్రింకు సీసాలో పోసిపెట్టిన కిరసనాయిలో, బాత్‌రూము కడిగే యాసిడో కనపడుతుంది. తాగితే వాంతి చేయించొద్దు, ఆ సీసా కూడా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి. కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు పారనివ్వండి. పేస్టు, ఇంకు, పసుపు ఏదీ రాయొద్దు.

ఏదైనా గొంతుకడ్డం పడి ఏడాదిలోపు బిడ్డ ఊపిరాడక ఏడవలేకపోతుంటే, ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి ఉంచి, రెండు భుజాల మధ్య అరచేత్తో అయిదుసార్లు గట్టిగా చరచండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము మధ్య ఎముక మీద రెండు వేళ్ళతో అయిదుసార్లు నొక్కండి. వస్తువు బయటపడేదాకా ఇవి మార్చిమార్చి చేస్తూనే ఉండాలి, పక్కవాళ్ళు 108కి ఫోన్ చేయాలి. కనపడని దానికోసం వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. ఇది చదివి వదిలేయకుండా ఇంట్లో బొమ్మ మీద ఓసారి చేసి చూడండి. పిల్లని పట్టుకునే అత్తగారికీ, పనిమనిషికీ కూడా నేర్పండి.

బండి మాట. ముందు టాంకు మీద బిడ్డని నిలబెట్టుకుని, వెనక అమ్మని, పక్కన సంచిని పెట్టుకుని వెళ్ళే సంసారాలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే నడిపేవాళ్ళకి కట్టే బెల్టు, తలకి సరిపడే హెల్మెట్ ఉండాలని, నలభై కిలోమీటర్ల వేగం దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. జరిమానా సంగతి వదిలేయండి, ఆ చిన్న తల విలువ మనకి తెలియదా? పదో తరగతి పాసయ్యాడని పిల్లాడికి బైకు కొనిపెట్టేవాళ్ళకి కూడా ఒక మాట: మైనరు బండి నడిపి పట్టుబడితే చట్టం తండ్రినీ బండి యజమానినీ అడుగుతుంది, మూడేళ్ళ వరకు జైలు, పాతికవేలు జరిమానా, ఆ పిల్లాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు.

ఇప్పుడు చెప్పబోయేది కష్టమైన మాట, అయినా మన మధ్య దాపరికమెందుకు. పిల్లల ఒంటి మీద చెయ్యి వేసేది ఎవరో ముసుగు మనిషి కాదమ్మా. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో నిందితులు నూటికి తొంభైమందికి పైగా బిడ్డకి తెలిసినవాళ్ళే. చుట్టం, ట్యూషన్ సారు, పక్కింటాయన, ఆటో అబ్బాయి. ఆడపిల్లలకే అనుకోవడమూ పొరపాటు. 2007లో కేంద్ర ప్రభుత్వం చేయించిన అధ్యయనంలో ఇలాంటిది జరిగిందని చెప్పిన పిల్లల్లో సగానికి పైగా మగపిల్లలే. స్నానం చేయించేటప్పుడే మూడేళ్ళ బిడ్డకి చెప్పండి: ఈ చోట్లు నీవి, శుభ్రం చేయడానికి అమ్మ, చూడాల్సి వస్తే అమ్మ పక్కనుండగా డాక్టరు, ఇంకెవరూ ముట్టుకోకూడదు, ఎవరికీ చెప్పొద్దని ఎవరన్నా అంటే అదే ముందు నాకు చెప్పాలి. మామయ్యకి ముద్దు పెట్టమని, తాతగారి ఒళ్ళో కూర్చోమని బలవంతం చేయకండి. నచ్చలేదని చెప్పే హక్కు ఇంట్లోనే రావాలి. బిడ్డ వచ్చి చెబితే మొదట నమ్మండి. "నువ్వెందుకెళ్ళావ్" అన్న ఒక్క మాటతో ఆ నోరు జన్మలో మళ్ళీ తెరుచుకోదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతివాళ్ళూ పోలీసులకి చెప్పి తీరాలి. బిడ్డ దగ్గరికి యూనిఫారం లేకుండానే వస్తారు, ఇంటి దగ్గరే వాంగ్మూలం తీసుకోవచ్చు, పేరు బయటికి రాకూడదు. పరువు పోతుందన్న భయం బిడ్డ కంటే ఎక్కువ కాకూడదు.

పదేళ్ళు దాటాక పిల్లలు మళ్ళీ చంటిబిడ్డల్లాగే గబగబా పెరుగుతారు. ఆడపిల్లలు పది పన్నెండేళ్ళకి, మగపిల్లలు ఇంకో రెండేళ్ళ తర్వాత. గౌన్లు పొట్టైపోతాయి, ఆకలి పెరుగుతుంది, నిద్ర పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే మనం ఆడపిల్లని "తిండి తగ్గించు, లావవుతున్నావ్" అంటాం. పెద్దమనిషైందని వారం పది రోజులు పుట్నాల ఉండలు, చిమ్మిలి పెట్టి, ఆ తర్వాత అందరూ తిన్నాక మిగిలింది తినమంటాం. 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో రక్తహీనత ఆంధ్రలో నూటికి 60, తెలంగాణలో 65. రేపు వాళ్ళే తల్లులు. బళ్ళో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర వేసుకుందో లేదో అడగండి, అన్నం తిన్నాక వేసుకోమనండి, వెంటనే టీ తాగొద్దనండి. విరేచనం నల్లగా అవుతుంది, భయం లేదని ముందే చెప్పండి. ఫిబ్రవరిలో, ఆగస్టులో బళ్ళో వేసే నులిపురుగుల మాత్ర మాన్పించొద్దు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా తొమ్మిది నుంచి పధ్నాలుగేళ్ళ మధ్య హెచ్‌పీవీ టీకా ఉంది, మీ డాక్టరునడగండి. పెళ్ళి మాటైతే ఎత్తనే వద్దు. ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 20 నుంచి 24 ఏళ్ళ ఆడపిల్లల్లో పద్దెనిమిది నిండకుండా పెళ్ళైనవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది ఉన్నారు. ఇది మనకు సిగ్గుచేటు.

మగపిల్లాడి గొంతు మారుతున్నప్పుడు మాట్లాడేవాళ్ళే ఉండరు. నాన్న మొహమాటపడతాడు, అమ్మ పక్కకి తప్పుకుంటుంది, వాడికి ఫోనే గురువవుతుంది. నాన్నలకి ఈ పేజీ చదివి వినిపించండి.

ఇంటర్‌కి హాస్టల్లో వేశాక మన చూపు పూర్తిగా మార్కుల మీదికి మళ్ళిపోతుంది. ఆదివారం ఫోనులో మొదటి ప్రశ్న "వీకెండ్ టెస్టులో ఎంతొచ్చింది?" దాన్ని ఆఖరుకి పెట్టండి. ఏం తిన్నావు, రాత్రి నిద్ర పట్టిందా, ఎవరితో కూర్చుంటున్నావు, ఇవి ముందు. ఆ వయసుకి ఎనిమిది గంటల నిద్ర కావాలి, నాలుగింటికి లేపి పన్నెండుకి పడుకోబెట్టే చోట బిడ్డ ఎదగదు, అలాంటి చోట వేయొద్దని నేను గట్టిగా అంటాను. మాటలు తగ్గిపోయినా, తిండి మీద ధ్యాస పోయినా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, "నేను లేకపోతే మీకు హాయి" అన్నా మర్నాటి దాకా ఆగకుండా బస్సెక్కి వెళ్ళండి. పరీక్ష ఏడాదికి రెండుసార్లు వస్తుంది.

ఒక పని చేసిపెట్టండి నా కోసం. ఇవాళ సాయంత్రం పిల్లలు ఇంటికొచ్చాక వాళ్ళ పుస్తకం అట్ట లోపలివైపు రెండు నెంబర్లు రాయించండి. ఎవరైనా ఇబ్బంది పెడితే పిల్లలే నేరుగా చేయగలిగిన 1098. మనసు బాగోలేనప్పుడు తెలుగులోనే మాట్లాడే టెలీ మానస్ 14416. రెండూ ఉచితం, రాత్రీ పగలూ పలుకుతాయి.